58 శాతం, ఐదు బ్యాక్‌లాగ్‌లతో ఎంబీఏకు: ఒక కెమికల్ ఇంజనీర్ దరఖాస్తు పూర్వాపరాలు

బీటెక్‌లో 58 శాతం. ఐదు బ్యాక్‌లాగ్‌లు, అందులో రెండు లెక్కల పేపర్లే. ఆ తర్వాత హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థాల) ప్లాంట్‌లో ప్రొడక్షన్ ప్లానింగ్ ఉద్యోగం. 2024 జనవరిలో నా దగ్గరికి వచ్చిన అమ్మాయి పరిస్థితి ఇది. 2025 ఆగస్టులో ఆమె అమెరికాలో రెండేళ్ల ఎంబీఏలో చేరింది, ఫీజులో దాదాపు సగం స్కాలర్‌షిప్‌తో. మధ్యలో ఏం చేశామో, ఏం చేయకూడదనుకున్నామో ఆమె ఒప్పుకున్న మేరకు రాస్తున్నాను. ఆమె పేరు, కంపెనీ పేరు, చేరిన స్కూల్ పేరు చెప్పను.

ఎంబీఏకు అప్లై చేసేవాళ్లకు దరఖాస్తు తయారీలో సాయం చేయడం నా పని. తక్కువ మార్కులతో వచ్చేవాళ్లు కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, జీమ్యాట్‌లో ఎంత వస్తే ఇది కవర్ అవుతుంది?" ఈ అమ్మాయీ అదే అడిగింది. జీమ్యాట్ అంటే ఎంబీఏ స్కూళ్లు చూసే ప్రవేశ పరీక్ష. ఒక అంకె ఇంకో అంకెను కవర్ చేయదు. తక్కువ మార్కులు కనబడగానే అడ్మిషన్ కమిటీకి రెండు అనుమానాలు వస్తాయి. ఈమె మా క్లాసులో స్టాటిస్టిక్స్, అకౌంటింగ్, ఫైనాన్స్ నెగ్గుకురాగలదా అన్నది మొదటిది. అప్పుడు చదవని మనిషి ఇప్పుడు మారిందా అన్నది రెండోది. మొదటి అనుమానానికి జీమ్యాట్ కొంతవరకు జవాబు చెబుతుంది. రెండోదానికి మిగతా ఫైలంతా కలిసి చెప్పాలి. ఈ కేసులో మేం పెట్టిన సమయమంతా దాదాపు ఆ రెండోదాని మీదే.

ముందు మెమోలు

మొదటిసారి ఆమె కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో ఒక్కటే తెచ్చింది. అది చాలదన్నాను. రెగ్యులర్‌వి, సప్లీవి, ఒక్కటి వదలకుండా అన్ని మెమోలూ తెమ్మన్నాను. మొత్తం శాతం ఒక్కటే చూస్తే నాలుగేళ్లూ ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఏ పేపర్ ఏ నెలలో పోయిందో, ఏ నెలలో గట్టెక్కిందో విడి మెమోలు చూస్తేనే తెలుస్తుంది. వాటిని టేబుల్ మీద వరుసగా పరిచి, తెల్ల కాగితం మీద ఆమె చేతే రాయించాను.

ఆమెది జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీ, 2015 నుంచి 2019 బ్యాచ్. అప్పట్లో మొదటి సంవత్సరం మొత్తానికి ఒకేసారి పరీక్షలు. అందులో 48 శాతం. టూ-వన్‌లో, అంటే రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో, 46, టూ-టూలో 53. త్రీ-వన్‌లో 60, త్రీ-టూలో 65. ఫోర్-వన్‌లో 70, ఫోర్-టూలో 74. మొదటి ఏడాదిని రెండు సెమిస్టర్ల కింద లెక్కేస్తే సగటు సరిగ్గా 58. చివరి నాలుగు సెమిస్టర్లే తీసుకుంటే 67 దాటుతుంది. జేఎన్‌టీయూలో 60 వస్తే ఫస్ట్ క్లాస్, 70 వస్తే డిస్టింక్షన్. అంటే పట్టా మీద సెకండ్ క్లాస్ ఉన్న ఈ అమ్మాయి ఆఖరి ఏడాది మొత్తం డిస్టింక్షన్ మార్కులతో చదివింది. ఆ సంగతి ఆమె కూడా అంతవరకు గమనించలేదు. "ఎవరడిగినా 58 అని చెప్పడానికే సిగ్గేసేది మేడమ్, విడిగా ఎప్పుడూ చూసుకోలేదు" అంది.

పోయిన సబ్జెక్టులేవో కూడా చూడాలి. మొదటి ఏడాది మేథమేటిక్స్-1, మేథమేటికల్ మెథడ్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్. టూ-వన్‌లో కెమికల్ ప్రాసెస్ కాలిక్యులేషన్స్, ఎలక్ట్రికల్. డ్రాయింగ్ పోతే బిజినెస్ స్కూల్ పట్టించుకోదు. రెండు లెక్కల పేపర్లు పోతే మాత్రం తప్పకుండా పట్టించుకుంటుంది. కాబట్టి కొత్త రుజువు ఎక్కడ కావాలో అక్కడే తేలిపోయింది.

ఇంకో మాట. ఈ 58ని అమెరికాలో వాడే నాలుగు పాయింట్ల జీపీఏ స్కేల్‌లోకి మార్చడానికి ఇంటర్నెట్‌లో బోలెడు కాలిక్యులేటర్లు ఉన్నాయి. వాటి జోలికి వెళ్లలేదు. చాలా అమెరికా స్కూళ్లు మార్కులను మార్చొద్దనీ, మెమోలో ఎలా ఉంటే అలాగే రాయమనీ చెబుతాయి. భారతదేశం ఫైళ్లు చూసేవాళ్లకు మన దగ్గర 60 అంటే ఏమిటో, 85 ఎంత అరుదో తెలుసు. మనంతట మనం 2.3 అనో 2.4 అనో రాసుకుంటే, సగటు 3.6 చుట్టూ ఉండే పేరున్న స్కూళ్ల లెక్క పక్కన దాన్ని పెట్టి మన చేతులతో మనమే తగ్గించుకున్నట్టు.

కారణానికి తేదీలు సరిపోవాలి

ఆప్షనల్ ఎస్సే కోసం ఆమె ముందే ఒక చిత్తుప్రతి రాసుకొచ్చింది. దాదాపు అన్ని స్కూళ్లూ దరఖాస్తులో ఈ చోటు ఇస్తాయి. తక్కువ మార్కులు, ఉద్యోగంలో ఖాళీలు లాంటివి అక్కడే చెప్పుకోవాలి. ఆ ప్రతిలో మొత్తం కారణం అమ్మ అనారోగ్యమే. రెండో ఏడాదిలో అమ్మకు పెద్ద ఆపరేషన్ జరిగింది, కొత్తగూడెం నుంచి హైదరాబాద్ తీసుకొచ్చారు, ఇంట్లో పెద్ద పిల్ల కాబట్టి ఆస్పత్రిలో ఉండాల్సింది తనే. నూటికి నూరుపాళ్లూ నిజం.

కానీ ఆపరేషన్ జరిగింది 2016 సెప్టెంబర్‌లో. మొదటి ఏడాది మూడు పేపర్లు పోయింది 2016 జూన్‌లో. ఎస్సేను, ట్రాన్స్‌క్రిప్ట్‌ను పక్కపక్కన పెట్టుకుని చదివే మనిషికి ఆ మూడు నెలల తేడా ఇట్టే తెలుస్తుంది. తెలిశాక ఆ ఎస్సేలోని నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. తల్లి ఆస్పత్రిలో ఉన్నంత కాలం రాత్రులు బెంచీ మీద పడుకుని పరీక్షకు వెళ్లిన పిల్ల అబద్ధాలకోరులా కనిపించడం నాకు అసలు ఇష్టం లేదు.

అందుకే అడిగాను: "మొదటి ఏడాది ఏమైందమ్మా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున ఐదింటికి బెల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. వెయ్యికి 942 వచ్చాయి. ఎంసెట్ ర్యాంకు అనుకున్నంత రాలేదు, వచ్చిన బ్రాంచ్‌లో చేరింది. ఇంజనీరింగ్ హాస్టల్‌లో బెల్ లేదు, లేపేవాళ్లు లేరు. ఎవరూ కూర్చోబెట్టకుండా తనంతట తను పుస్తకం తెరవడం అప్పటిదాకా ఆమెకు అలవాటే లేదు. మిడ్స్ ముందు రోజు చదివితే చాలనుకుంది. చాలలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇలా ఇంటర్‌లో తొంభై దాటి, బీటెక్ మొదటి ఏడాదిలో కుదేలైన పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. దీన్ని నిజాయితీగా చెబితే అర్థం చేసుకోని కమిటీ ఉండదు.

నా దగ్గరికి రాకముందు ఆమె ఒక కన్సల్టెన్సీకి వెళ్లింది. మొదటి ఏడాదికి కూడా సరిపోయేలా మెడికల్ సర్టిఫికెట్ 'ఏర్పాటు చేస్తాం' అన్నారట. ఆమె లేచి వచ్చేసింది. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అడ్మిషన్ వచ్చాక చాలా స్కూళ్లు బయటి సంస్థలతో తనిఖీ చేయిస్తాయి. దొరికితే సీటు పోతుంది, వీసా దాకా కూడా వెళ్లొచ్చు. నష్టపోయేది ఆ పిల్లలే, సర్టిఫికెట్ ఇప్పించినవాళ్లు కాదు.

చివరకు మిగిలిన ఆప్షనల్ ఎస్సే ఇంగ్లిష్‌లో రెండు వందల పదాల లోపే. దాని సారాంశం ఇది: "మొదటి ఏడాది మూడు సబ్జెక్టులు తప్పాను. అప్పటిదాకా నా చదువు హాస్టల్ బెల్ ప్రకారం నడిచింది. బెల్ లేని చోట చదవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మూడో సెమిస్టర్‌లో అమ్మ ఆపరేషన్ వల్ల హాజరు తగ్గింది, మరో రెండు పోయాయి. మూడో ఏడాది అయ్యేసరికి ఐదూ పాసయ్యాను. చివరి నాలుగు సెమిస్టర్ల మార్కులు ఇవి. నా లెక్కల సామర్థ్యానికి ఈ ఏడాది రాసిన రెండు కోర్సులు, జీమ్యాట్ క్వాంట్ (లెక్కల విభాగం) స్కోర్ చూడగలరు." ఇంతే. 'దురదృష్టవశాత్తూ' లేదు, 'పాఠం నేర్చుకున్నాను' లేదు. హాజరు విషయానికి ఆమె దగ్గర గట్టి కాగితమే ఉంది: ఆ సెమిస్టర్‌లో కట్టిన కండొనేషన్ ఫీజు రసీదు. 75 శాతం హాజరు లేనివాళ్లు, కనీసం 65 ఉంటే, వైద్య కారణం చూపించి ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. ఆ రసీదు మీద తేదీ ఉంది. ఎవరైనా అడిగితే చూపించడానికి స్కాన్ చేసి ఉంచాం. ఎవరూ అడగలేదు.

మార్కులు లెక్కలోకి వెళ్లే చోటు, మనిషి చదివే చోటు

2022లో ఆమె ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసింది. 95 పర్సంటైల్ వచ్చింది, పెద్ద ఐఐఎంల నుంచి ఒక్క కాల్ రాలేదు. ఆ దెబ్బతో 'నా మార్కులకు ఎక్కడా రాదు' అని నిశ్చయించుకుంది. ఇక్కడ ఒక తేడా అర్థమైతే తక్కువ మార్కులున్నవాళ్లకు చాలా సమయం, డబ్బు మిగులుతాయి.

క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. రాయడానికి అర్హత అది. పిలుపు రావడం వేరే సంగతి. అహ్మదాబాద్, బెంగళూరు లాంటి ఐఐఎంలు రెండేళ్ల కోర్సుకు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు క్యాట్ స్కోర్‌తో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులను కూడా ఒక ఫార్ములాలో వేస్తాయి. ఆ ఫార్ములాకు ఫోర్-టూలో వచ్చిన 74 కనిపించదు, అమ్మ ఆపరేషన్ కనిపించదు. లక్షల మంది రాసే పరీక్షకు అది తప్పదేమో, నేను తప్పుబట్టను. కానీ మార్చలేని అంకె ఫార్ములాలోకి వెళ్లే చోట మళ్లీ మళ్లీ క్యాట్ రాస్తూ ఏళ్లు పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఫైలును మనుషులు చదివే చోట పరిస్థితి వేరు. గచ్చిబౌలిలో ఉన్న బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ 2001 నుంచి నడుస్తోంది. దాని ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సు పీజీపీకి రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు, జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోర్‌తో పాటు ఎస్సేలు, సిఫారసు చూస్తారు. ఐఐఎంలలోనే అనుభవం ఉన్నవాళ్ల కోసం ఉన్న ఏడాది కోర్సులు, బెంగళూరు ఈపీజీపీ లాంటివి, ఇదే దారిలో ఉంటాయి. అమెరికా స్కూళ్లు సరే సరి. 58 ఎక్కడైనా 58నే, అక్కడ బరువు లేదని కాదు. కాకపోతే పక్కన ఇంకో కాగితం పెట్టి మన మాట చెప్పుకునే అవకాశం ఉంటుంది.

ఆమెకు కావాల్సింది సప్లై చైన్, అంటే ముడిసరుకు నుంచి కొనేవాళ్ల దాకా సరుకు కదిలే తీరు చూసుకునే చదువు. కాబట్టి పేరు చూసి కాకుండా ఆ చదువు చూసి జాబితా వేశాం. అమెరికాలో మిషిగన్ స్టేట్ వాళ్ల బ్రాడ్, ఒహాయో స్టేట్ వాళ్ల ఫిషర్, అరిజోనా స్టేట్ వాళ్ల డబ్ల్యూ.పి. కేరీ లాంటివి సప్లై చైన్‌కు పేరున్నవి. ప్లాంట్‌లో పని చేసి వచ్చినవాళ్లకు అక్కడ విలువ ఉంటుంది. మేం పంపిన దరఖాస్తుల్లో ఇలాంటి స్కూళ్లు, భారతదేశంలో ఏడాది కోర్సు, ఆశ కోసం ఒక పెద్ద పేరు ఉన్నాయి. ఆ పెద్ద పేరు వాళ్ల నాన్నగారి కోరిక. ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిన మనిషి మాటను కాదనలేం.

కొందరు ఈ దశలో దూరవిద్యలో ఇంకో ఎంబీఏ చేసి కొత్త మార్కులు తెచ్చుకుందామనుకుంటారు. నేను వద్దంటాను. కొన్ని స్కూళ్లు ఇప్పటికే ఎంబీఏ ఉన్నవాళ్లను తీసుకోవు.

లెక్కలకు కొత్త రుజువు

ఎనిమిదేళ్ల కింద పోయిన లెక్కల పేపర్‌కు ఇప్పుడు ఏం జవాబు చెప్పాలి? మళ్లీ లెక్కల పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకోవడమే. నలుగురి మధ్య పరీక్ష హాల్లో కూర్చుని రాసినదై ఉండాలి, మార్కులు ఉండాలి. వీడియోలు చూస్తే వచ్చే సర్టిఫికెట్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

విదేశీ కోర్సులు ఉన్నాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆన్‌లైన్ వాళ్ల కోర్ బాగుంటుంది: బిజినెస్ అనలిటిక్స్, ఎకనామిక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ మూడూ ఉంటాయి. కానీ రెండు వేల డాలర్లు దాటుతుంది. ఆమె నెల జీతం ముందు అది పెద్ద మొత్తం. మన దగ్గర ఎన్‌పీటెల్ ఉంది, ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపేది. పాఠాలు ఉచితం, పరీక్షకు వెయ్యి రూపాయలు. సెంటర్‌కు వెళ్లి, పర్యవేక్షణలో రాయాలి. వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. 60 దాటితే ఎలీట్, 75 దాటితే ఎలీట్‌తో పాటు సిల్వర్, 90 దాటితే గోల్డ్. మన పిల్లలు దీన్ని కాలేజీ క్రెడిట్ల కోసం తప్ప పట్టించుకోరు. నా దృష్టిలో తక్కువ మార్కులున్నవాళ్లకు ఇంత చవకగా దొరికే గట్టి రుజువు ఇంకొకటి లేదు.

2024 జనవరి సెమిస్టర్‌లో ఆమె ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ తీసుకుంది. షిఫ్ట్ అయ్యాక కంపెనీ బస్సులో పాఠాలు వినేది, ఆదివారాలు లెక్కలు చేసేది. ఏప్రిల్‌లో పరీక్షలు. స్టాటిస్టిక్స్‌లో 82, అకౌంటింగ్‌లో 78. రెండూ సిల్వర్. ఆ రోజు ఫోన్‌లో ఆమె గొంతు వేరుగా ఉంది. "లెక్కల్లో 82 మేడమ్, నాకు" అంది. దరఖాస్తు సంగతి పక్కన పెట్టినా, ఆ అమ్మాయికి ఆ మార్కు అవసరం.

జీమ్యాట్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దాని మీద సలహాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఇప్పుడున్న పరీక్ష 2023 చివర్లో వచ్చింది: క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్, ఒక్కోటి 45 నిమిషాలు, స్కోర్ 205 నుంచి 805 దాకా. మే నెలలో ఆమెకు 605 వచ్చింది, క్వాంట్ 80. ఎన్‌పీటెల్ పరీక్షలు అయిన వెంటనే రాయడంతో అలసిపోయింది. ఆగస్టులో మళ్లీ రాసింది: 675, క్వాంట్ 86. పాత జీమ్యాట్ లెక్కలో అది 730 దరిదాపుల. మాకు మొత్తం కంటే ఆ 86 ముఖ్యం. నాలుగు నెలల తేడాలో స్టాటిస్టిక్స్ 82, క్వాంట్ 86. మేథమేటిక్స్-1 పోయిన మెమో పక్కన ఇప్పుడు ఈ రెండు కాగితాలు నిలబడగలవు.

రియాక్టర్ ఖాళీగా ఉన్న గంటలు

రెజ్యుమేలో ఆమె ఇలా రాసుకుంది: 'ఎక్విప్‌మెంట్ యుటిలైజేషన్ మెరుగుపరిచాను.' ఇలాంటి వాక్యం ప్రతి రెజ్యుమేలోనూ ఉంటుంది. అసలు ఏం చేశావో ప్లాంట్‌లో నడుస్తున్నట్టు చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది ఈ కథ.

బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో ఒకే రియాక్టర్‌లో ఇవాళ ఒక మందు, వచ్చే వారం ఇంకో మందు చేస్తారు. ఒక మందు బ్యాచ్‌లన్నీ వరుసగా పూర్తి చేయడాన్ని క్యాంపెయిన్ అంటారు. రెండో మందు మొదలుపెట్టే ముందు రియాక్టర్‌ను కడిగి, లోపలి గోడల నుంచి స్వాబ్ (తుడిచి తీసిన నమూనా) తీసి క్వాలిటీ ల్యాబ్‌కు పంపాలి. పాత మందు ఆనవాళ్లు లేవని ల్యాబ్ రిపోర్ట్ ఇచ్చేదాకా రియాక్టర్ ముట్టుకోకూడదు. ఈ మార్పిడికి తమ ప్లాంట్‌లో 30 గంటల దాకా పడుతోందని ఆమె చూసింది. అందరూ కడగడం ఆలస్యం అవుతోందనుకున్నారు. ఆమె షిఫ్ట్ లాగ్‌బుక్కులు తీసి, కడగడం ఎప్పుడు అయింది, స్వాబ్ ఎప్పుడు వెళ్లింది, రిపోర్ట్ ఎప్పుడు వచ్చింది అని గంటలు రాసుకుంది. కడగడం తరచూ రెండో షిఫ్ట్ చివర్లో, అంటే రాత్రి పదింటి ప్రాంతంలో అవుతోంది. స్వాబ్‌లు చూసే అనలిస్ట్ జనరల్ షిఫ్ట్ మనిషి. తెల్లారి తొమ్మిదింటిదాకా ఆ శాంపిల్ అలా కూర్చుంటోంది.

ఆమె చేసింది రెండు పనులు. ఆఖరి బ్యాచ్ మొదలుపెట్టే వేళను వెనక్కి లెక్కగట్టి, కడగడం పొద్దున షిఫ్ట్‌లో అయ్యేలా ప్లాన్ మార్చింది. అది కుదరని రోజుల్లో ఒక అనలిస్ట్‌ను రెండో షిఫ్ట్‌లో ఉంచమని ల్యాబ్ మేనేజర్‌ను ఒప్పించింది. రెండోది కష్టమైంది. ఆయన తన మనుషుల మీద భారం వేయొద్దన్నారు. ఆమె ఆయన ముందు తన పట్టిక పెట్టి, నెలలో అలాంటి రోజులు నాలుగైదు మించవని చూపించింది. మార్పిడి సమయం 30 గంటల నుంచి 18కి దిగింది.

ఇది విన్నాక మెయిన్ ఎస్సే ఏమిటో ఇద్దరికీ తెలిసిపోయింది. ఇంకో విషయం కూడా కనిపించింది. టూ-వన్‌లో తప్పిన కెమికల్ ప్రాసెస్ కాలిక్యులేషన్స్‌లో నేర్పేదే లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అన్న లెక్క. ఇప్పుడు ఆమె ప్రతి బ్యాచ్‌కూ రోజూ చేసేది అదే. ఎస్సేలో ఆ ఊసు ఎత్తలేదు, ఇంటర్వ్యూకి దాచుకున్నాం.

సిఫారసు

"నువ్వే రాసుకురామ్మా, నేను సబ్మిట్ చేస్తా" అన్నారు ఆమె ప్లాంట్ మేనేజర్. మన దగ్గర ఇది మామూలే, ఆయన మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎస్సే రాసిన చెయ్యే సిఫారసు కూడా రాస్తే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, తన గురించి తను ఎవరూ రాసుకోలేని విషయాలు ఆ లేఖలోనే రావాలి. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి సిఫారసు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ వ్యక్తికి మీరు చెప్పిన ముఖ్యమైన సూచన ఏమిటి, ఎలా స్పందించారు? దీనికి జవాబు బాస్ దగ్గరే ఉంటుంది.

ఆమె చేత ఒక పేజీ తయారు చేయించాను. తను చేసిన పనులు, తేదీలు, అంకెలు మాత్రమే. పొగడ్త ఒక్కటీ లేదు. ఆయనకు అది ఇచ్చి, ఎప్పుడు వీలైతే అప్పుడు మీ మాటల్లో రాయండి సార్ అని అడగమన్నాను. ఆయనకు ఇంగ్లిష్‌లో రాయాలంటే మొహమాటం. వ్యాకరణం ఎవరూ చూడరని చెప్పమన్నాను. నెల తర్వాత రాశారు. ఆ లేఖ నేను చూడలేదు, చూడకూడదు కూడా. కానీ ఒక ఇంటర్వ్యూలో వాళ్లు దాన్నుంచే ప్రశ్న అడిగారు: "సమస్యను ఉదయం మీటింగ్ దాకా మీ దగ్గరే ఉంచుకునేవారని మీ మేనేజర్ రాశారు. ఇప్పుడేం చేస్తున్నారు?" అంత సూటిగా రాసిన మనిషి మెచ్చుకుంటూ రాసిన మాటలను కూడా నమ్ముతారు.

ఇంటర్వ్యూలు, ఫలితాలు

మార్కుల ప్రశ్నకు జవాబు అర నిమిషం దాటకూడదన్నది నా నియమం. దాటితే గొంతులో సంజాయిషీ వస్తుంది. మేం అద్దం ముందు కాదు, ఫోన్‌లో సాధన చేశాం, ఎందుకంటే మొహం చూడకపోతే గొంతు వణుకు బాగా తెలుస్తుంది. మొదట్లో ప్రతిసారీ 'సారీ' అనేది. ఆ మాట తీసేయడానికే చాలా సమయం పట్టింది.

పెద్ద పేరున్న స్కూల్ ఇంటర్వ్యూ లేకుండానే కాదంది. మన దేశంలో పెట్టినది ఇంటర్వ్యూ దాకా వచ్చి ఆగింది. అమెరికాలో ఒకటి వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది, ఒకటి స్కాలర్‌షిప్‌తో సీటిచ్చింది. సీటిచ్చిన చోట ఇంటర్వ్యూలో మొదటి ఏడాది గురించి అడిగారు. ఆమె తన అర నిమిషం జవాబు చెప్పి, చివర్లో ప్రాసెస్ కాలిక్యులేషన్స్ సంగతి చెప్పింది: "నేను తప్పిన సబ్జెక్టే ఇప్పుడు నా రోజువారీ పని." ఇంటర్వ్యూ చేసినావిడ అక్కడి నుంచి రియాక్టర్ గురించి అడగడం మొదలుపెట్టిందట, మార్కుల మాట మళ్లీ రాలేదు.

వెయిట్‌లిస్ట్ చేసిన స్కూల్‌కు 2025 జనవరి సెమిస్టర్‌లో ఎన్‌పీటెల్ ఆపరేషన్స్ రీసెర్చ్ కూడా చేస్తున్నానని ఒక చిన్న ఉత్తరం పంపింది. సీటు కదల్లేదు. లోన్ లెక్కలు వేశాక స్కాలర్‌షిప్ ఇచ్చిన చోటే సరైనదని తేలింది. వీసా విషయంలో కొంచెం టెన్షన్ పడ్డాం: 2025 మే చివర్లో అమెరికా కాన్సులేట్లు విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్నాళ్లు ఆపేశాయి. ఆమె అంతకుముందే తేదీ తీసుకుని ఉండడంతో నష్టం జరగలేదు.

ఈ కేసు చదివి తమకూ ఇదే దారి అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఈమె మార్కులు 48 నుంచి 74కి ఎక్కాయి. ఆ ఎక్కడమే మా చేతిలో ఉన్న బలమైన కాగితం. నాలుగేళ్లూ 55 దగ్గరే నిలబడ్డ వాళ్లకు, లేదా ఆఖరి ఏడాది దిగిపోయిన వాళ్లకు రెండు కోర్సులు చాలవు. అలాంటివాళ్లను నేను ఆ ఏడాది అప్లై చేయనివ్వను. రెండు మూడు సెమిస్టర్లు వరుసగా ఎన్‌పీటెల్ పరీక్షలు రాయమంటాను, ఆఫీసులో లెక్కలతో ముడిపడ్డ పని అడిగి తీసుకోమంటాను, మరుసటి ఏడాది మొదటి రౌండ్‌కు రమ్మంటాను. ఆ పని మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు నా దగ్గర ఇద్దరున్నారు. ఒకరు సివిల్, ఒకరు బీకాం. ఇద్దరి మెమోలూ ముందు వరుసగా పరిచే చూశాం.